పెళ్ళైనవాళ్ళ జట్టులో ఆరో నంబరు

పెద్రా మాన్సా
13 సెప్టెంబరు 1982

అక్కా,

మోకాళ్ళు తప్ప నీ ఒంట్లో మిగతావన్నీ బాగానే ఉన్నాయని బస్సు డ్రైవరు నివాల్దో చెప్పాడు. ఇక్కడ నా రొట్టెలు పొంగుతున్నాయి, గోధుమపిండి ధర అంతకన్నా పొంగుతోంది. నేనైతే గుండ్రాయిలా ఉన్నాను. అంటే, మొన్నటి దాకా.

నిన్న ఆదివారం సంత వెనక మైదానంలో ఊరికే సరదాకి బంతాట ఆడాం. నా దాల్వా పోయాక మళ్ళీ బంతి ముట్టడం నిన్ననే. అరగంట ఆడానో లేదో, కుడికాలి పిక్క పట్టేసింది. మామూలుగా కాదు. లోపల్నుంచి ఎవడో తాడేసి గుంజి ముడేసినట్టు పట్టేసింది. దబ్బున పడ్డాను. తడిమి చూసుకుంటే పిక్క కాదది, పిట్టగోడ! అందరూ నవ్వారు. మంగలి తియావ్ అయితే "ఒనొఫ్రే, నీ శవపేటికకి కొలతలు తీసుకోనా?" అన్నాడు.

ఇరవై ఏళ్ళు అక్కా! ఇరవై డిసెంబర్లు పెళ్ళైనవాళ్ళ జట్టులో ఆరో నంబరు చొక్కా వేసుకుని తొంభై నిమిషాలూ పరిగెత్తాను. ఒక్కసారంటే ఒక్కసారి పిక్క పట్టలేదు. ఈ ఏడు డిసెంబరు ఆఖరి ఆదివారం మళ్ళీ పెళ్ళైనవాళ్ళకీ పెళ్ళికానివాళ్ళకీ మ్యాచ్ ఉంది. పోయినేడు దుఃఖంలో ఉండి ఆడలేదు. ఈసారి ఆడి తీరతాను, చివరిదాకా నిలబడే ఆడతాను. నా పేరు ఈసారి పెళ్ళికానివాళ్ళ జాబితాలో ఉందిలే, ఆ సంగతి తర్వాత రాస్తాను.

పదిహేడేళ్ళుగా మిల్లు జట్టు కుర్రాళ్ళ కాళ్ళు పిసుకుతున్నావు కదా, ఈ తమ్ముడి కాలికో ఉపాయం చెప్పు. దిండు కింద తాళంచెవి పెట్టుకోమన్న అమ్మ వైద్యం మాత్రం వద్దు.

నీ తమ్ముడు
ఒనొఫ్రే


జుయిజ్ జి ఫోరా
24 సెప్టెంబరు 1982

ఒరేయ్ ఒనొఫ్రే,

నీ ఉత్తరం చదివి మీ బావని నిద్రలేపి మరీ చెప్పాను. పెళ్ళికానివాళ్ళ జాబితాలో నీ పేరా! ఎన్నాళ్ళకురా! దాల్వా బంగారం లాంటి పిల్ల, కాదన్నవాళ్ళ నోట్లో నా చెప్పు. కానీ ఏడాది దాటింది. నీకింకా యాభై ఒకటేగా? ఇంతకీ ఎవరావిడ? పోస్టాఫీసు జాసింటానా? పొద్దునోసారి సాయంత్రమోసారి నీ కొట్లో రొట్టె కొనే మనిషి ఆవిడొక్కతే అని విన్నాను. ఒంటరి మనిషికి రెండు పూటలా అంత రొట్టె దేనికిరా?

సరే, ముందు కాలు సంగతి. నీకు పట్టిన రోగం పేరు బద్ధకం. ఏడాదిగా పొయ్యి ముందు నిలబడడం తప్ప ఏం చేశావు? రోజూ పొద్దున్నే గోడకి ఎదురుగా నిలబడు. రెండు చేతులూ గోడకి ఆనించు, ఒక కాలు వెనక్కి చాపు, మడమ నేలమీంచి లేవకుండా గోడని నెట్టు. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. ముప్ఫై లెక్కపెట్టి కాలు మార్చు. ఆడేరోజు పొద్దుట్నించీ నీళ్ళు తాగుతూ ఉండు, దాహమేశాక తాగితే ఆలస్యమైపోతుంది. సగం ఆటలో నారింజ తిను, దాల్వా పెట్టినట్టే. అది మాత్రం మానకు.

ఇరవై ఏళ్ళు పట్టలేదని గొప్పలు పోతున్నావు గానీ, అంతకుముందు సంగతి మర్చిపోయావా? బ్రహ్మచారిగా ఆడిన ప్రతి ఏడూ పడ్డావు. 1960లో నిన్ను రొట్టెల బండిలో వేసి ఇంటికి తెచ్చారు. పిండి అంటుకున్న నీ మొహం చూసి అమ్మ దయ్యమనుకుని కేకేసింది.

నివాల్దో చేతికి ఒక పొట్లం ఇచ్చి పంపుతున్నాను. అందులో కొత్త చొక్కా ఉంది. ఒక సీసా కూడా ఉంది, అది దేనికో నీకే తెలుస్తుంది. రోజూ కొంచెం రాసుకో, ఒలకబోసుకోకు.

ఆనందంతో
మీ అక్క జుల్మీరా


పెద్రా మాన్సా
6 అక్టోబరు 1982

అక్కా,

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది నీ యవ్వారం. ఏ ఆవిడా లేదు! జాసింటాకి ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళు, ఏడు కోళ్ళు ఉన్నాయి, రొట్టె వాళ్ళకి. ఆవిడకి నేను కనపడను, నా కొట్టే కనపడుతుంది.

పొట్లం నీ ఉత్తరం కంటే నాలుగు రోజులు ముందొచ్చింది. సీసా చూసి కాలి మందనుకున్నాను. కాలు బాగుచెయ్యమని రాస్తే సీసా వచ్చింది, ఇంకేమనుకోవాలి? అరచెయ్యి నిండా పోసుకుని రెండు పిక్కలకీ మర్దనా చేసుకుని ఆదివారం ఆటకి వెళ్ళాను. గులాబీ అత్తరట! నేను దగ్గరికొస్తే కుర్రాళ్ళు బంతి వదిలేసి ముక్కు మూసుకున్నారు. తియావ్ గాడు "పెళ్ళికొడుకు కాళ్ళు ముందు బయల్దేరాయిరో" అని ఊరంతా చాటాడు. పైగా పిక్క మళ్ళీ పట్టింది, ఎడమది.

నీ గోడ వైద్యం సంగతి ఇంకా ఘోరం. కొట్టు బయట గోడ తప్ప నాకు ఖాళీ గోడ లేదు. రోజూ పొద్దున్నే రొట్టె కోసం వరుసలో నిలబడ్డ జనం ముందు గోడ నెడుతున్నాను. ఒనొఫ్రేకి పెళ్ళాం పోయిన దిగులుతో మతి చలించిందని, కొట్టు కూలగొట్టాలని చూస్తున్నాడని మాట పుట్టింది. ఫాదర్ వచ్చి నా భుజమ్మీద చెయ్యేసి "నాయనా, గోడ ఏం తప్పు చేసింది?" అని అడిగాడు. ముప్ఫై లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా జవాబివ్వలేదు. దాంతో ఆయన అనుమానం రూఢి అయింది.

కానీ వాళ్ళు ఏమనుకున్నా మానను. కొంచెం సాగుతోంది, నిజమే.

నారింజల మాట మాత్రం ఎత్తకు. దాల్వా పుట్టింటి నుంచి తెచ్చి పెరట్లో నాటిన చెట్టు నిండా కాయలున్నాయి. రాలినవి రాలుతున్నాయి. నేను వాటి వైపు చూడను.

ఒనొఫ్రే


జుయిజ్ జి ఫోరా
19 అక్టోబరు 1982

ఒరేయ్ తమ్ముడూ,

సీసా సంగతి చదివి నవ్వలేక చచ్చాను. క్షమించు. మిల్లులో కుర్రాళ్ళకి చదివి వినిపించాను, గోల్‌కీపరు నవ్వి నవ్వి బల్లమీంచి పడ్డాడు. వాడి నడుముకి మళ్ళీ నేనే పట్టీ వేశాను.

ఆవిడ లేదంటున్నావు, నమ్ముతాను. రూలు మాట అలా ఉంచు, మరి పెళ్ళికానివాళ్ళ జట్టులోకి నువ్వెలా ఒప్పుకుని వెళ్ళినట్టు? తర్వాత రాస్తానన్నావు, రాయలేదు. ఇంకోటి. నివాల్దో ఏదో నసిగాడు. నువ్వు గుమెర్సిండో మాంసం కొట్టు ముందు నుంచి పోవట్లేదట, చుట్టు తిరిగి చర్చి సందులోంచి పోతున్నావట. వాడి గోడా నీ గోడా ఒకటే కదరా! దాల్వాకి ఉన్న ఒక్కగానొక్క అన్న. చిన్నప్పట్నుంచీ మీరిద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఏం జరిగింది?

తాటిచెట్టెందుకు ఎక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు చెప్పకు. ఉన్నది ఉన్నట్టు రాయి. మీ అక్కని, మంత్రసానిని కాదు, కానీ నీ నోట్లోంచి మాట బయటికి తియ్యాలంటే ఎప్పుడూ పురిటి కష్టమే.

జుల్మీరా


పెద్రా మాన్సా
9 నవంబరు 1982

అక్కా,

రాస్తున్నాను. చదివి తిట్టు, మధ్యలో ఆపి తిట్టకు.

జాబితా రాసేది గుమెర్సిండో. పెళ్ళైనవాళ్ళ కెప్టెన్ వాడే కదా. సెప్టెంబరులో ఆ ఆదివారం ఆటకి ముందు నా దగ్గరికొచ్చి, చూపు ఎటో పెట్టి, "బావా, ఈ ఏడు నీ పేరు అవతల రాస్తున్నాను. పెళ్ళాం పోయినవాడు పెళ్ళికానివాళ్ళ వైపు. రూలు నీకు తెలుసు" అన్నాడు.

రూలు నాకు తెలుసు అక్కా. కానీ నేను పెళ్ళైనవాడిని. దాల్వా చచ్చిపోయింది గానీ నా పెళ్ళి చచ్చిపోలేదు. ఎవడో మంగలి తియావ్ అనుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. సొంత అన్నే చెల్లెల్ని చెరిపేస్తాడా?

అరగంటకి పిక్క పట్టి పడ్డాను. మన మైదానం పద్ధతి నీకు తెలుసు. పట్టేసి పడ్డవాడి కాలు అవతలి జట్టువాడు ఎత్తి పట్టాలి. ఎవడు దగ్గరుంటే వాడు. ఎదురుగా ఖాళీ గోలున్నా సరే, బంతి బయటికి తన్నేసి మరీ వచ్చి పట్టాలి. దగ్గరున్నది గుమెర్సిండో. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నా మడమ పట్టుకున్నాడు. నేను రెండో కాలితో వాడి మొహమ్మీద తన్నాను.

ముందు పన్ను విరిగింది. వాడు చేత్తో నోరు తుడుచుకున్నాడు. లేచి, మైదానం దాటి, ఇంటికెళ్ళిపోయాడు. మన ఊళ్ళో ఇంతవరకూ ఎవడూ అలాంటి పని చెయ్యలేదట. అప్పట్నుంచీ నేను పడితే ఎవడూ దగ్గరికి రావట్లేదు. నా కాలు నేనే పట్టుకుని దొర్లుతున్నాను.

ఆరో నంబరు చొక్కా నా దగ్గరే ఉంది. ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. అడగడానికి ఎవడొస్తాడో రానీ, ఇవ్వను.

డిసెంబరులో తొంభై నిమిషాలూ ఆడతాను. వాళ్ళకి ఎదురుగా, వాడి కళ్ళముందు, ఎవడి చెయ్యీ అక్కర్లేకుండా. ఇక తిట్టు.

ఒనొఫ్రే


జుయిజ్ జి ఫోరా
22 నవంబరు 1982

ఒనొఫ్రే,

తిట్లన్నీ రాస్తే స్టాంపులు చాలవు. ఒక్కటి రాస్తాను: గాడిదా.

ఆ రూలు గుమెర్సిండో పెట్టాడా? వాళ్ళ నాన్న, తన భార్య పోయాక, ఏ జట్టులో ఆడాడు? పెళ్ళికానివాళ్ళ జట్టులో! అరవై ఏళ్ళ మనిషి, కొడుకుకి ఎదురుగా ఆడాడు. అప్పుడు గట్టుమీద కూర్చుని చప్పట్లు కొట్టింది నువ్వు కాదూ? చెల్లెలి మొగుడి పేరు తన చేత్తో అవతలి జట్టులో రాయాల్సి వచ్చినవాడికి నొప్పి ఉండదా? వాడి దుఃఖం నీకు కనపడలేదు, నీ దుఃఖమే దుఃఖమనుకున్నావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

ఇప్పుడు కాలి వైద్యం విను, ఇది నా పదిహేడేళ్ళ చదువు. డిసెంబరు నడివేసవిలో ఆట. గోడ నెట్టి, నీళ్ళు తాగి, ఎంత సిద్ధమైనా నీ వయసులో పట్టేయొచ్చు. పట్టినప్పుడు పిక్కని గుద్దకు. లేచి గెంతకు. పడుకో. మోకాలు చాపు, కాలివేళ్ళు నీ మొహం వైపుకి రావాలి, నెమ్మదిగా. ఆ నొప్పిలో ఆ పని నీ అంతట నువ్వు సరిగ్గా చేసుకోలేవు, నేను కూడా చేసుకోలేను. ఇంకొకడు నీ మడమ పట్టుకుని పాదం నెట్టాలి. అప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే: ఊరుకోవడం. మిల్లు కుర్రాళ్ళలో త్వరగా లేచేది బలమైనవాడు కాదు, కాలు నా చేతికి వదిలేసేవాడు.

నీకు చేతకానిది ఆ ఒక్కటే. అది సాధన చెయ్యి.

కోపగించుకున్నా మళ్ళీ చెప్తాను. నారింజ తిను, దాల్వా పెట్టినట్టే.

మీ అక్క


పెద్రా మాన్సా
28 డిసెంబరు 1982

అక్కా,

ఆట అయింది. పెళ్ళికానివాళ్ళం మూడు రెండుతో ఓడిపోయాం. అది పక్కన పెట్టు.

ఎండ మండిపోయింది. ముందురోజు పండగ విందు అందరి పొట్టల్లోనూ ఇంకా ఉంది. నేను తప్ప మా జట్టంతా ఇరవై ఏళ్ళ కుర్రకారు. "పెళ్ళికాని తాతా, బంతి ఇటు!" అని అరుస్తుంటే మొదట మండింది, తర్వాత అలవాటైంది. ఇచ్చాను కూడా, మొదటి గోలు నేనిచ్చిన బంతితోనే కొట్టారు.

అవతలి జట్టు మైదానంలోకి వస్తుంటే చొక్కాలు లెక్కపెట్టాను. నాలుగు, ఐదు, ఏడు. ఆరు లేదు. నా స్థానంలో ఆడుతున్న ఎద్దులబండి ఆర్లిండో వీపు మీద పన్నెండు ఉంది. కొత్తగా ఆరు కుట్టిద్దామని వాళ్ళు అంటే గుమెర్సిండో "ఆరు ఒకడిది. వాడు తెచ్చిస్తే వేసుకుందురు గాని" అన్నాడట. ఇది సగం ఆటలో మా గోల్‌కీపరు చెప్పాడు. నారింజలు పంచారు. నేను తీసుకోలేదు. నువ్వు తిట్టినా సరే, నా చెయ్యి రాలేదు.

డెబ్భై తొమ్మిదో నిమిషం. గడియారం చూసుకుంటూనే ఉన్నాను, అందుకే తెలుసు. బంతి కోసం పరిగెత్తాను, కుడి పిక్క పట్టేసింది. సెప్టెంబరుది దీని ముందు చీమకాటు. కేక వేశాను. ఒక్కడూ కదల్లేదు. దగ్గరున్నది ఎవడనుకున్నావు? వాడే. రెండడుగుల దూరంలో ఆగి, రెండు చేతులూ పైకెత్తి, "బావా, తంతావా? తన్నేట్టుంటే ముందే చెప్పు, కొత్త పన్ను కట్టించుకున్నాను" అన్నాడు.

నీ మాట గుర్తొచ్చింది. "పట్టుకోరా బావా," అన్నాను.

వచ్చి కూలబడ్డాడు. నా మడమ ఒళ్ళో పెట్టుకుని పాదాన్ని నెట్టాడు, నెమ్మదిగా, నువ్వు చెప్పినట్టే. నేను ఊరుకున్నాను. అక్కా, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఊరుకున్నాను. వాడి చెమట బొట్లు బొట్లుగా నా మోకాలి మీద పడింది. పిక్క కొంచెం కొంచెంగా వదిలింది.

"నారింజ తిన్లేదా?" అన్నాడు.

"లేదు."

"పోనీ ఉప్పయినా నోట్లో వేసుకోలేదా?"

"ఏం ఉప్పు?"

వాడు నా కాలు పట్టుకునే నోరు తెరిచి నన్ను చూశాడు. "ఓరి దేవుడా! నీకు తెలీదా? ఇరవై ఏళ్ళురా! మ్యాచ్ రోజు పొద్దున్నే దాల్వా నా కొట్టుకొచ్చి గుప్పెడు రాళ్ళ ఉప్పు కాగితంలో కట్టించుకెళ్ళేది. నూరి, నీ నారింజ ముక్కలకి మాత్రమే రాసేది. మాకెవ్వరికీ లేదు. ఆ ఉప్పుతో ఆడావురా నువ్వు!"

ప్రతి ఏడూ నేను అనేవాణ్ణి అక్కా: "ఇదేం దిక్కుమాలిన నారింజే, మీ పుట్టింటి చెట్టుదేనా?" అని. "మా పుట్టింటి చెట్టు కాయలింతే, నోరు మూసుకుని తిను" అనేది. రోజూ అయిదు బస్తాల పిండిలో ఉప్పు కలిపేవాణ్ణి, నా నోట్లో ఉప్పు నాకు తెలియలేదు. నా కాళ్ళ బలమనుకున్నాను. ఊరంతా చెప్పుకు తిరిగాను.

గుమెర్సిండో గట్టు వైపు తిరిగి "ఒక నారింజ! కాల్చే మాంసం దగ్గర ఉప్పుంది, అదీ!" అని అరిచాడు. ఎవరో విసిరారు. వాడు దాన్ని వేళ్ళతోనే చీల్చి, ఉప్పులో అద్ది, నా నోట్లో కుక్కాడు. అదే రుచి. అచ్చం అదే. నేను ఏడ్చాను. పిక్క నొప్పికని అందరూ అనుకున్నారు, అనుకోనీ.

"చూడు," అన్నాడు వాడు. "జాబితాకి రూలుంది, రాశాను. రాసి ఇంటికెళ్ళి అన్నం తిన్లేదు. నువ్వు ఏ చొక్కా వేసుకున్నా నా చెల్లెలి మొగుడివే. తెలివితక్కువ మొగుడివి, అంతే."

లేచాను. మిగతా పదకొండు నిమిషాలూ ఆడాను. వాళ్ళ మూడో గోలు నా పక్కనుంచే వెళ్ళింది, నా కాలు అందలేదు. తొంభై అయ్యేసరికి నిలబడే ఉన్నాను.

నిన్న పొద్దున చొక్కా తీసుకుని గుమెర్సిండో కొట్టుకి వెళ్ళాను, ముందు వాకిలి గుండానే. "ఆరు లేకుండా జట్టేంట్రా" అని బల్లమీద పెట్టాను. వాడు చేతులు రెండుసార్లు కడుక్కుని గానీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం దాల్వా చెట్టు కాయలు బుట్టెడు కోశాను. వచ్చే ఆదివారం ఆటకి రెండు జట్లకీ నేనే తీసుకెళ్తాను. ఉప్పు రాసి ఒకటి చూశాను. ఎక్కువైంది. రెండోదానికి తక్కువైంది. ఈ సంగతి నీకు తెలుసా? తెలిస్తే, ఎంత వేసేదో రాయి.

ఒనొఫ్రే


జుయిజ్ జి ఫోరా
6 జనవరి 1983

తమ్ముడూ,

తెలియకపోవడమేమిట్రా, చెప్పిందే నేను. నీ పెళ్ళైన ఏడు దాల్వా నాకు ఉత్తరం రాసింది: "వదినా, ఈయన ప్రతి ఏడూ పిక్క పట్టి పడతాడటగా, జనం నవ్వుతారటగా, ఏం చెయ్యను?" అని. ఉప్పు పెట్టమని రాశాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు నీకు తెలిసిపోయి ఉంటుందనుకున్నాను. దాల్వా పెట్టినట్టే, దాల్వా పెట్టినట్టే అని నీకు రెండుసార్లు రాస్తే, నువ్వు అది నా బెంగ అనుకున్నావు. నేను నీది మొండితనమనుకున్నాను.

నీ ఉత్తరం అందాక కుట్టుమిషను సొరుగంతా కిందా మీదా చేసి దాల్వా రాసిన జవాబు వెతికి పట్టుకున్నాను. కాగితం ఇక్కడే ఉంచుకుంటాను, నీకివ్వను, పిండి చేతులతో పాడుచేస్తావు. నీకు కావలసిన ముక్క రాస్తున్నాను:

"ఎంత వేస్తున్నావని అడిగారు వదినా. కొలత లేదు. ఆయనకి చెప్పలేదు, చెప్తే మందు మింగినట్టు మింగుతాడు. ఆయన మొహం చిట్లించి మా పుట్టింటి చెట్టుని తిట్టేదాకా వేస్తాను. తిట్టాడంటే సరిపోయినట్టే."

విన్నావుగా. తిట్టేదాకా వెయ్యి.

మీ అక్క
జుల్మీరా